అరగంటలో కథ ఎంత, బ్రేక్ ఎంత

అరగంట సీరియల్‌లో కథ ఇరవై, ఇరవై రెండు నిమిషాలకు మించి ఉండదు. నిన్నటి కథను గుర్తుచేసే ముక్క, టైటిల్ పాట, రేపు ఏం జరగబోతోందో చూపించే ముక్క తీసేస్తే కొత్తగా చెప్పిన కథ ఇంకా తగ్గుతుంది. మిగతా సమయం ప్రకటనలది, ఛానల్ సొంత ప్రోమోలది. ఈ సంగతి టీవీ చూసే ప్రతి ఇంటికీ తెలుసు. దీని మీద ఫిర్యాదు కూడా కేబుల్ వైరంత పాతదే. అయితే ఆ ఫిర్యాదు ఎప్పుడూ నిమిషాల లెక్క దగ్గరే ఆగిపోతోంది. గంటకు ఎన్ని నిమిషాల ప్రకటనలు వస్తున్నాయన్నది ముఖ్యమే. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు రెండున్నాయి. ఆ ప్రకటనలు కార్యక్రమంలో ఎక్కడ పడుతున్నాయి? చెప్పిన వేళకు చెప్పిన కార్యక్రమం వస్తోందా? మన నియంత్రణ వ్యవస్థ నిమిషాలను పట్టుకుంది. బ్రేక్ ఎక్కడ పడాలన్నదాన్ని ఒకసారి పట్టుకుని, ఏడాది తిరక్కుండానే వదిలేసింది. ప్రేక్షకుడికి జరిగిన అసలు నష్టం అక్కడే ఉందని నా అభిప్రాయం. అది అర్థం కావాలంటే ఒక ఛానల్ తన రోజును ఎలా పేర్చుకుంటుందో ముందు చూడాలి.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. సాయంత్రం కొన్ని గంటల ప్రసారం, ఒకే ఒక్క ఛానల్, పోటీ అన్న మాట లేదు. వార్తలు, పాడిపంటల కబుర్లు, శుక్రవారం చిత్రలహరి, వారానికో సినిమా. అప్పటికే జాతీయ స్థాయిలో దూరదర్శన్ ప్రకటనలు తీసుకుంటోంది. అది 1976లో మొదలైంది. 1984లో ‘హమ్ లోగ్’ సీరియల్‌కు మ్యాగీ నూడుల్స్ స్పాన్సర్‌గా వచ్చాక ఒక పద్ధతి స్థిరపడింది. స్పాన్సరో, నిర్మాతో ప్రసార రుసుము కడతారు. అందుకు ప్రతిగా కార్యక్రమంతో పాటు కొంత ప్రకటన సమయం వాళ్ళకు ఉచితంగా దక్కుతుంది. ఆ సమయాన్ని సొంత సరుకుకు వాడుకోవచ్చు, ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఆ ఉచిత సమయాన్ని ఎఫ్‌సీటీ అనేవారు, ఫ్రీ కమర్షియల్ టైమ్. సెకన్ల లెక్కన రొక్కానికి అమ్ముతున్న ఈనాటికీ టీవీ ఆఫీసుల్లో దాని పేరు అదే.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2002లో మా టీవీ, 2004లో టీవీ9, 2005లో జీ తెలుగు. 2015లో మా టీవీని స్టార్ కొనుక్కుంది. ఈ ఛానళ్ళు కార్యక్రమాలను సంపాదించుకున్న దారులు వేరువేరు. జెమిని లాంటి సన్ గ్రూపు ఛానళ్ళలో చాలాకాలం నడిచింది స్లాట్ పద్ధతి: నిర్మాత అరగంట స్లాట్‌ను ఛానల్ దగ్గర కొనుక్కుంటాడు, సీరియల్ తన డబ్బుతో తీస్తాడు, తన వాటాకు వచ్చిన ప్రకటన నిమిషాలను తానే అమ్ముకుంటాడు. ఈటీవీకి సొంతంగా నిర్మించుకునే బలం ఉంది. వెనక రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. స్టార్, జీ లాంటి సంస్థలు కమిషన్ పద్ధతిని తెచ్చాయి. ఎపిసోడ్‌కు ఇంత అని నిర్మాతకు చెల్లిస్తారు; హక్కులూ ప్రకటన సమయమూ మొత్తం ఛానల్‌వే. ఈ తేడా పైకి కనిపించదు కానీ తెర మీద దాని ప్రభావం చాలా ఉంది. స్లాట్ కొన్న నిర్మాతకు తన స్లాట్ ఎక్కడికీ కదలదన్న ధైర్యం ఉంటుంది. కథను ఎటు నడపాలో చాలావరకు అతనే తేల్చుకుంటాడు. కమిషన్ పద్ధతిలో సీరియల్ ఏ వేళకు రావాలి, ఎంత సాగాలి, ఎప్పుడు ముగియాలి అన్న నిర్ణయాలన్నీ ఛానల్ ఆఫీసులో జరుగుతాయి. గురువారం వచ్చే రేటింగ్‌ను బట్టి కథ మలుపు తిరుగుతుంది.

వారానికి 168 గంటలు. ఇరవై నాలుగు గంటల ఛానల్ ఇవన్నీ నింపాలి. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి పదిన్నర వరకు కొత్త ఎపిసోడ్లు వేసినా అది 27 గంటలే. మధ్యాహ్నం సీరియళ్ళు, ఆదివారం గేమ్ షోలు, పాటల పోటీలు కలిపినా సగం కూడా నిండదు. మిగిలినదంతా పునఃప్రసారాలు, సినిమాలు, తెల్లవారుజామున డబ్బిచ్చి స్లాట్ కొనుక్కునే టెలిషాపింగ్, జ్యోతిషం. ఈ వారం మొత్తాన్ని గళ్ళుగా గీసి ఉంచే పట్టికను ఎఫ్‌పీసీ అంటారు, ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్. ప్రోగ్రామింగ్ హెడ్, రీసెర్చ్ విభాగం, యాడ్ సేల్స్ వాళ్ళు, మార్కెటింగ్ వాళ్ళు దాని చుట్టూ కూర్చుంటారు. ఒక్క గడి మారినా కింద చాలా కదులుతాయి: ప్రోమోలు మళ్ళీ కోయాలి, స్పాన్సర్ ఒప్పందం తిరగరాయాలి, ఆ వేళకు అమ్మేసిన ప్రకటనలకు కొత్త చోటు చూడాలి.

మంచి చార్ట్ ఇంటి దినచర్యను చదువుతుంది. ఈటీవీ ‘అన్నదాత’ను తెల్లవారాక పొలానికి బయల్దేరేలోపు వేసింది. సాగు కబుర్లు వినాల్సిన మనిషి ఆ వేళకే ఇంట్లో ఉంటాడు. రాత్రి తొమ్మిదికి వేస్తే వ్యవసాయ కార్యక్రమం అన్న పేరు మిగిలేది, రైతు మిగిలేవాడు కాదు. అలాగే పొద్దున్నే భక్తి. వంటా వడ్డనా అయ్యాక మధ్యాహ్నం సీరియళ్ళు. బడి నుంచి పిల్లలు వచ్చే వేళ సినిమానో కామెడీనో. దీపాలు పెట్టే వేళ నుంచి అసలు సంత. తెలుగు ఛానళ్ళను నిలబెట్టిన మొదటి తరం షెడ్యూలర్లు ఈ పనిని చాలా శ్రద్ధగా చేశారు. ఆ చూపు ఇప్పుడు తగ్గింది. పగటి గంటలను నిన్నటి రాత్రి ఎపిసోడ్లతో నింపేయడం అలవాటైపోయింది. ఇంట్లో ఉండే వృద్ధుల కోసం, పిల్లల కోసం ఆలోచించి వేసిన గడి ఏ పెద్ద తెలుగు వినోద ఛానల్ చార్ట్‌లోనైనా వెతకాల్సి వస్తోంది.

ప్రైమ్ టైమ్‌లో పద్ధతులు వేరు. ఒకే వేళకు రోజూ ఒకే సీరియల్ వేయడం మొదటి సూత్రం. చూసేవాళ్ళకు గడియారమే గుర్తు. ఏ సీరియల్ బాగా ఆడుతోందో దాని వెనకే కొత్త సీరియల్‌ను నిలబెట్టడం రెండోది. స్టార్ మాలో ‘కార్తీక దీపం’ 2017 నుంచి 2023 దాకా, 1,500కు పైగా ఎపిసోడ్లు నడిచింది. రాత్రి ఏడున్నరకు అది తెచ్చిన జనం అటూ ఇటూ ఉన్న సీరియళ్ళక్కూడా అందారు. అంతకు ముందు జెమినిలో మంజులా నాయుడు తీసిన ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ అదే పని చేశాయి. ఒక సీరియల్ అయ్యి ఇంకోటి మొదలయ్యే చోట బ్రేక్ పెట్టకపోవడం ఇంకో ఎత్తు. మొదటిది పూర్తవగానే రెండోది వచ్చేస్తుంది, రిమోట్ పట్టుకునే వ్యవధి దొరకదు. అందుకే సాధారణంగా ఎపిసోడ్‌లో మొదటి భాగమే పొడుగ్గా ఉంటుంది. కథలో పడిపోయాక బ్రేకులు దగ్గర దగ్గరగా వస్తాయి. రెండు సీరియళ్ళ పాత్రలను ఒకే ఇంటికి చేర్చి గంటసేపు నడిపే ‘మహాసంగమం’ కూడా షెడ్యూలింగ్ ఎత్తుగడే. కథకు అది అవసరమై జరిగిన సందర్భం నాకు గుర్తు లేదు.

ఈ చార్ట్ మొత్తాన్ని శాసించేది గురువారం. బార్క్ సంస్థ వారాన్ని శనివారం నుంచి శుక్రవారం వరకు లెక్కగట్టి, ఆ తర్వాతి గురువారం రేటింగులు విడుదల చేస్తుంది. దేశమంతటా కలిపి 50 వేలకు పైగా ఇళ్ళలో మీటర్లు ఉంటాయి. ఛానల్ ధ్వనిలో కలిపిన, చెవికి వినపడని గుర్తును ఆ మీటర్ పట్టుకుంటుంది. ఇంట్లో ఎవరు చూస్తున్నారో వాళ్ళు తమ బటన్ నొక్కాలి. లెక్క నిమిషం నిమిషానికీ ఉంటుంది. అందువల్ల బ్రేక్ పడ్డ నిమిషంలో ఎంతమంది వెళ్ళిపోయారో, ఎంతమంది తిరిగొచ్చారో ఛానల్‌కు గీతలా కనిపిస్తుంది. 2015కు ముందు టామ్ అనే సంస్థ లెక్కలు పట్టణాలకే పరిమితం. బార్క్ ఆ ఏడాది పల్లెలను కూడా లెక్కలోకి తెచ్చింది. తెలుగు ఛానళ్ళకు ఇది చిన్న మార్పు కాదు. ఎప్పటి నుంచో చూస్తున్న ఊళ్ళు అప్పుడు మొదటిసారి అంకెల్లోకి వచ్చాయి. 2020 అక్టోబర్‌లో రేటింగుల అక్రమాల ఆరోపణల మధ్య వార్తా ఛానళ్ళ వారపు అంకెలను బార్క్ ఆపేసింది. 2022 మార్చిలో నాలుగు వారాల సగటుగా మళ్ళీ మొదలుపెట్టింది. అంకె లేని ఆ ఏడాదిన్నరలో వార్తా ఛానళ్ళు మూతపడలేదు, ప్రకటనలూ ఆగలేదు. గురువారం లేకపోతే టీవీ నడవదన్న నమ్మకానికి అది గట్టి జవాబు.

ఇక అమ్మకం. ప్రకటన ధర పది సెకన్లకు ఇంత అని ఉంటుంది. గంటలో పది నిమిషాల వాణిజ్య ప్రకటనలంటే అరవై ముక్కలు. సాయంత్రం ఆరు నుంచి పదిన్నర వరకు రోజుకు 270 ముక్కలు. ఒక్కసారి గంట గడిచిపోతే అమ్ముడుపోని ముక్క మళ్ళీ రాదు; ఈ భయమే అమ్మకాల విభాగాన్ని నడిపిస్తుంది. పెద్ద సబ్బుల కంపెనీలు ఏడాదికి సరిపడా కొంటాయి, ఒక్కో రేటింగ్ పాయింట్‌కు తమకు ఎంత ఖర్చవుతుందో లెక్క చూసి బేరమాడతాయి. ఫలానా సీరియల్‌లోనే కావాలంటే ఒక ధర. రోజులో ఏ వేళకు వేసినా ఫర్వాలేదంటే తక్కువ ధర. బ్రేక్‌లో మొదటి స్థానం, చివరి స్థానం ఖరీదు. ఎందుకంటే రిమోట్ తీసేలోపు కనిపించేది మొదటిది, తిరిగొచ్చేసరికి కనిపించేది చివరిది. తెలుగు మార్కెట్‌కు తన సొంత రుతువులున్నాయి. ఆషాఢంలో చీరల తగ్గింపులు, శ్రావణంలో బంగారం, దసరా దీపావళికి ఫ్రిజ్‌లూ ఫోన్లూ, సంక్రాంతికి సినిమాలు, ఎండాకాలం చివర్లో కాలేజీల ర్యాంకుల జపం. ఒకటి, ఒకటి, రెండు, మూడు అని గుక్కతిప్పుకోకుండా వినిపించే ఆ ప్రకటనలు ఒక తరం పిల్లల మనసుల మీద వేసిన బరువు గురించి వేరే వ్యాసమే రాయాలి.

అమ్మినదాన్ని తెర మీదికి చేర్చేది ట్రాఫిక్ విభాగం. మర్నాటి ప్రసారాన్ని సెకన్లతో సహా వరసగా రాసిన లాగ్ వీళ్ళు తయారుచేస్తారు. రెండు పోటీ సబ్బులు ఒకే బ్రేక్‌లో పడకూడదు. చావు సన్నివేశం అయిన వెంటనే ఇన్సూరెన్స్ ప్రకటన పడకుండా చూసుకోవాలి. స్పాన్సర్ పేరు చెప్పే ముక్క బ్రేక్‌కు ముందూ వెనకా రావాలి. ఆ లాగ్ ప్లేఅవుట్‌కు వెళ్తుంది. మాస్టర్ కంట్రోల్ రూంలో షిఫ్టుల వారీగా కూర్చున్న ఆపరేటర్లు దాన్ని నడిపిస్తారు. ఒకప్పుడు బీటా టేపులు మార్చి మార్చి వేసేవారు. ఇప్పుడు సర్వర్లూ ఆటోమేషనూ. అయినా లైవ్ కార్యక్రమం నాలుగు నిమిషాలు ఎక్కువ నడిస్తే, వార్తల మధ్య హఠాత్తుగా ఏదైనా జరిగితే మనిషే నిర్ణయించాలి. పడకుండా పోయిన స్పాట్‌ను తర్వాత ఇంకో చోట వేసి లెక్క సరిచేస్తారు. రోజు ముగిశాక నిజంగా ఏది ఏ సెకనుకు వెళ్ళిందో చూపే ఇంకో లాగ్ తయారవుతుంది. దాన్నిబట్టే కంపెనీలకు టెలికాస్ట్ సర్టిఫికెట్, దాన్నిబట్టే బిల్లు. ఈ రెండో లాగ్‌ను పాఠకులు గుర్తుంచుకోవాలి. ప్రతి ఛానల్ దగ్గరా, ప్రతి సెకనుకూ అది ఉంటుంది.

ఇంతవరకూ చెప్పింది వ్యాపారం, అందులో తప్పు పట్టాల్సింది పెద్దగా లేదు. కళ దెబ్బతినేది తర్వాతి మెట్టులో. ఎపిసోడ్‌ను మూడు నాలుగు భాగాలుగా రాయాలి, ప్రతి భాగం ఒక ఉలికిపాటు దగ్గర ఆగాలి. ఏళ్ళ తరబడి ఇలా రాశాక కథ నడక మారిపోతుంది. తలుపు చప్పుడవుతుంది, అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా మూడుసార్లు కనిపిస్తాయి, సంగీతం పెద్దదవుతుంది, బ్రేక్. తిరిగొచ్చాక తలుపు దగ్గర ఉన్నది పాలవాడు. సీరియల్ రచయితల్లో మంచి పట్టున్నవాళ్ళు ఉన్నారు. నలుగురు కూర్చుని మామూలుగా మాట్లాడుకునే సన్నివేశాన్ని రాయగలిగినవాళ్ళే. ఆ సన్నివేశానికి చోటు లేదు, ఎందుకంటే దాని చివర ఉలికిపాటు ఉండదు. బ్రేక్ కథ మధ్యలో వచ్చే అంతరాయం మాత్రమే అనుకోవడం పొరపాటు. ఏ కథ చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో తేల్చేది అదే. రియాలిటీ షోలలో విజేత పేరు చెప్పబోయి బ్రేక్‌కు వెళ్ళడం కూడా ఇదే జబ్బు. ‘పాడుతా తీయగా’లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లల పాటలోని తప్పును పూర్తిగా విడమరిచి చెప్పేవారు. ఆ వివరణకు కావలసిన నిమిషాలను ఆ కార్యక్రమం ఇచ్చింది. తెలుగు టీవీలో అన్నేళ్ళు నిలిచిన పాటల కార్యక్రమం అదే కావడం వెనక ఆ ఓపిక ఉందని నేను నమ్ముతాను.

సినిమాకు జరిగే అన్యాయం ఇంతకన్నా ఎక్కువ. తెలుగు సినిమాకు ఒకే ఇంటర్వెల్. దర్శకుడు ఆ ఒక్క చోటునే లెక్కలో పెట్టుకుని మొత్తం అల్లుకుంటాడు. టీవీలో అదే సినిమా పది ముక్కలు అవుతుంది. ఎక్కడ తెగాలో నిర్ణయించేది సినిమాతో సంబంధం లేని వేళ. పాట రెండో చరణం దగ్గర తెగుతుంది. హీరో చెయ్యెత్తినప్పుడు తెగుతుంది. రెండున్నర గంటల సినిమాకు గంటకు పన్నెండు నిమిషాల హద్దు పాటిస్తే సాయంత్రం ఆరుకు మొదలైన సినిమా తొమ్మిదీ పదికల్లా అయిపోవాలి. తొమ్మిదిన్నర, పది దాటిందంటే హద్దైనా దాటి ఉండాలి, లేదా మధ్యలో ఇంకేదైనా చొప్పించి ఉండాలి. ఆదివారం సాయంత్రం ప్రీమియర్ చూసే ఎవరైనా గడియారం పక్కన పెట్టుకుని ఈ లెక్క వేసుకోవచ్చు.

చట్టం ఏమంటోంది? కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్ 1994లో వచ్చాయి, చట్టం 1995లో వచ్చింది. 2006లో వాటిలోని ఏడో రూల్‌లో ఒక మాట చేర్చారు: గంటకు ప్రకటనలు పన్నెండు నిమిషాలు మించకూడదు, అందులో పది వాణిజ్య ప్రకటనలకు, రెండు ఛానల్ సొంత ప్రచారానికి. అదే రూల్‌లో ఇంకో రెండు మాటలున్నాయి. ప్రకటన చప్పుడు మితిమీరకూడదు. ప్రకటన కార్యక్రమానికి అడ్డురాకూడదు, తెర కింది భాగంలో పట్టీలుగా వేయడం కూడా కూడదు. ఈ చివరి నియమాన్ని చదివి ఏ వార్తా ఛానల్ అయినా పెట్టి చూడండి. తెరకు అడుగునా పక్కనా వంగిన ఎల్ బ్యాండ్, దాని మీద ఆస్టన్ పట్టీ, పైన మూలన లోగో, వీటి మధ్య ఇరుక్కున్న న్యూస్ రీడర్. పట్టీల సమయం పన్నెండు నిమిషాల లెక్కలోకి కూడా రాకుండా జారిపోతుంది.

2012 మేలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక నిబంధనావళి తెచ్చింది. నా దృష్టిలో మన దేశంలో ప్రేక్షకుడి వైపు నుంచి ఆలోచించి రాసిన కాగితం అదొక్కటే. రెండు బ్రేకుల మధ్య కనీసం పదిహేను నిమిషాల ఎడం ఉండాలంది, సినిమాకైతే ముప్పై నిమిషాలు. ఆటల ప్రత్యక్ష ప్రసారంలో ఆట ఆగినప్పుడే ప్రకటనలు వేయాలంది. తెరలో కొంత భాగాన్ని ఆక్రమించే ప్రకటనలు వద్దంది. ప్రకటన ధ్వని కార్యక్రమ ధ్వనిని మించకూడదంది. ఛానళ్ళు ఒప్పుకోలేదు. 2013 మార్చిలో సవరణ వచ్చింది. పన్నెండు నిమిషాల హద్దు, గడియారపు గంట ప్రకారం లెక్క, ఈ రెండూ మిగిలాయి. ఎడం పోయింది, ఆట మాట పోయింది. ఇంతకీ మిగిలిన ఆ హద్దు కూడా నిలవలేదు. వార్తా ఛానళ్ళ సంఘం, కొన్ని సంగీత, ప్రాంతీయ ఛానళ్ళు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. 2013 డిసెంబర్‌లో కోర్టు, ఛానళ్ళ మీద బలవంతపు చర్య తీసుకోవద్దని ట్రాయ్‌కు చెప్పింది. ప్రకటనల నిడివి రికార్డులు మాత్రం ఉంచాలని ఛానళ్ళకు చెప్పింది. ఆ మధ్యంతర స్థితి ఏళ్ళ తరబడి సాగింది.

ఛానళ్ళ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వార్తా ఛానళ్ళకు చందా ఆదాయం నామమాత్రం. తమ సిగ్నల్‌ను జనం ఇళ్ళకు చేర్చినందుకు వాటిలో చాలా ఛానళ్ళే కేబుల్ సంస్థలకు డబ్బు కట్టుకుంటాయి. హిందీ ఛానళ్ళతో పోలిస్తే ప్రాంతీయ ఛానల్ పది సెకన్ల ధర తక్కువ, కాబట్టి అదే జీతాలు ఇవ్వడానికి ఎక్కువ సెకన్లు అమ్మాలి. నిమిషాలు తగ్గిస్తే ధర పెరిగి చిన్న ఊరి చీరల దుకాణం టీవీకి దూరమవుతుందన్నది కూడా నిజమే. వార్తా ఛానళ్ళ విషయంలో ఈ వాదనకు నేను సగం ఒప్పుకుంటాను. పే ఛానళ్ళ విషయంలో ఒప్పుకోను. 2019లో అమల్లోకి వచ్చిన కొత్త టారిఫ్ పద్ధతిలో ప్రేక్షకుడు నెట్‌వర్క్ రుసుము వేరే, ఛానల్ ధర వేరే కడుతున్నాడు. బొకే అనే ఛానళ్ళ ప్యాకేజీలో చేరే ఛానల్‌కు ధర 19 రూపాయల దాకా ఉండవచ్చు. ఉచితంగా వచ్చే ఛానల్‌కూ డబ్బు కట్టించుకునే ఛానల్‌కూ ఒకే పన్నెండు నిమిషాలు ఎందుకుండాలి? 2012, 2013 కాగితాల్లో ఈ తేడాకు చోటు లేదు. 1995లో సుప్రీంకోర్టు బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో వాయు తరంగాలు ప్రజల ఆస్తి అంది. ఆ ఆస్తి మీద ప్రేక్షకుడి నుంచి రెండుసార్లు వసూలు చేసే వ్యాపారానికి కొంచెం గట్టి హద్దు ఉండాలని అడగడం అన్యాయం కాదు.

బయటి దేశాల్లో దారులు వేరు. బ్రిటన్‌లో ఏ గంటలోనూ పన్నెండు నిమిషాలు దాటకూడదు, దానితో పాటు రోజు మొత్తం సగటు కూడా చూస్తారు. సాధారణ ఛానళ్ళకు ఆ సగటు గంటకు తొమ్మిది నిమిషాలు. అందువల్ల ప్రైమ్ టైమ్‌లో ఎక్కువ తీసుకున్నవాళ్ళు వేరే వేళ తగ్గించుకోవాలి. యూరోపియన్ యూనియన్ 2018లో గంట లెక్కను వదిలి, పగటికీ రాత్రికీ విడివిడిగా 20 శాతం హద్దు పెట్టింది. అమెరికాలో పెద్దల కార్యక్రమాలకు నిమిషాల హద్దే లేదు. పిల్లల కార్యక్రమాలకు మాత్రం 1990 చట్టం ప్రకారం వారాంతాల్లో గంటకు పదిన్నర, మామూలు రోజుల్లో పన్నెండు నిమిషాలు. పెద్దవాళ్ళ సంగతి ఎలా ఉన్నా పిల్లల్ని విడిగా చూడాలన్న ఆ ఆలోచన మన పన్నెండు నిమిషాల లెక్కలో లేదు.

నిమిషాల మీదే కాదు, ఏం వేయవచ్చన్న దాని మీద కూడా నియమాలున్నాయి. వాటిలో రాజకీయ ప్రకటనల కథలో తెలుగువాళ్ళ పాత్ర ఉంది. ఏడో రూల్ రాజకీయ ప్రకటనలను నిషేధించింది. 2004 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధాన్ని తప్పుపట్టింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్ళింది, అవతలి పక్షం జెమిని టీవీ. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్లే ఈనాటికీ దేశమంతటా టీవీలో పార్టీ ప్రకటన వేయాలంటే ముందుగా ధ్రువీకరణ తీసుకోవాలి. జిల్లా కేంద్రంలోని లోకల్ కేబుల్ ఛానల్‌కు కూడా అది వర్తిస్తుంది. 2023 జనవరి నుంచి, కొన్ని మినహాయింపులతో, ప్రతి ఛానల్ రోజుకు ముప్పై నిమిషాలు ప్రజా ప్రయోజన అంశాలకు ఇవ్వాలని కేంద్రం చెప్పింది. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు వేసినవి లెక్కకు రావు. ముప్పై నిమిషాలూ ఒక్కచోటే ఉండనక్కర్లేదు, ముక్కలుగా పంచవచ్చు. ‘అన్నదాత’ లాంటి కార్యక్రమం ఉన్న ఛానల్‌కు ఇది కొత్త భారమేమీ కాదు.

మళ్ళీ బ్రేక్ సంగతికి వస్తే, తెలుగు ఛానళ్ళు అమెరికాలో వేరే ఫీడ్‌గా వెళ్తాయి. ఇక్కడి సబ్బులు అక్కడ అమ్మరు కాబట్టి ఆ బ్రేకుల్లో అక్కడి వలస న్యాయవాదులు, నగల దుకాణాలు, ఇళ్ళ అమ్మకందార్లు కనిపిస్తారు. అమ్ముడుపోని చోట ప్రోమోలే మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి. న్యూజెర్సీలో ఉన్న ప్రేక్షకుడికి కూడా తలుపు చప్పుడు దగ్గరే బ్రేక్ వస్తుంది. ప్రకటన మారింది కానీ దాని కోసం రాసిన సన్నివేశం మారలేదు. ఓటీటీలో ప్రకటనలు లేకుండా చందా కట్టి అదే సీరియల్ చూసేవాళ్ళకూ అంతే. బ్రేక్ లేని చోట బ్రేక్ కోసం పెట్టిన ఉలికిపాటు ఉత్తిగా మిగిలిపోతుంది. నిమిషాలు తగ్గించినంత మాత్రాన కథ బాగుపడదని అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కాబట్టి అడగాల్సినవి 2012 కాగితంలోనే ఉన్నాయి. సినిమాకు ముప్పై నిమిషాల ఎడం, మిగతా వాటికి పదిహేను. పే ఛానళ్ళకు ముందుగా, ఉచిత ఛానళ్ళకు తర్వాత. సీరియల్ అరగంటలో ఒకే బ్రేక్ ఉంటే ఛానల్ మునిగిపోతుందన్న మాట నిజమో కాదో ఆరునెలలు ఒక్క స్లాట్‌లో చేసి చూడవచ్చు. బ్రేక్ ఒక్కటే అయితే అందులోని మొదటి, చివరి స్థానాల ధర పెరుగుతుంది కూడా. దీనికన్నా ముందు చేయదగింది, ఖర్చు లేనిది ఒకటుంది. ఏ ప్రకటన ఏ సెకనుకు మొదలై ఏ సెకనుకు ముగిసిందో చెప్పే లాగ్ కంపెనీలకు బిల్లు వేయడానికి రోజూ తయారవుతూనే ఉంది. కోర్టు ఆదేశం వల్ల ఛానళ్ళు నిడివి రికార్డులు ఉంచుతూనే ఉన్నాయి. కంపెనీల పేర్లూ ధరలూ తీసేసి, బ్రేక్ మొదలు, బ్రేక్ ముగింపు, కార్యక్రమం ప్రకటించిన వేళ, నిజంగా మొదలైన వేళ, ఈ నాలుగు గడులను వారానికోసారి జనం చూసేలా పెట్టమని ట్రాయ్ అడగాలి. గురువారం ఛానల్‌కు ప్రేక్షకుడి లెక్క అందుతున్నట్టే, ప్రేక్షకుడికి కూడా అదే గురువారం ఛానల్ లెక్క అందాలి.